కాలికట్‌లో ఒక ఫైనల్ జరిగింది

2025 జులైలో థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్ మైదానంలో భారత మహిళల ఫుట్‌బాల్ జట్టు ఆతిథ్య జట్టును 2-1తో ఓడించింది. రెండు గోల్స్ సంగీతా బాస్ఫోర్‌వే. ఆ గెలుపుతో మన జట్టు 2026 ఆసియా కప్పుకు చేరింది. అర్హత పోటీలు ఆడి, గెలిచి ఆ టోర్నీలో అడుగుపెట్టడం మనకు ఇదే మొదటిసారి అని పత్రికలన్నీ రాశాయి. రాసినదాంట్లో తప్పు లేదు. కానీ ఆ వార్త చదివినవారికి, భారత మహిళల ఫుట్‌బాల్ ఇప్పుడిప్పుడే నడక నేర్చుకుంటోందనీ, ఇంతకుముందు చెప్పుకోదగ్గది ఏమీ లేదనీ అనిపించక మానదు. ఇదే ఆసియా పోటీలో మన అమ్మాయిలు 1980లో కాలికట్‌లో ఫైనల్ ఆడారు. 1981లో హాంకాంగ్‌లో మూడో స్థానం తెచ్చుకున్నారు. 1983లో బ్యాంకాక్‌లో మళ్ళీ ఫైనల్ ఆడారు. మూడు పోటీల్లో మూడుసార్లూ మొదటి మూడు స్థానాల్లో నిలిచిన జట్టు అది. మన దేశంలో ఆడపిల్లల ఫుట్‌బాల్ ఆలస్యంగా మొదలు కాలేదు. ముందుగానే మొదలై, ఎదగాల్సిన సమయంలో మధ్యలో వదిలివేయబడింది. ఆటను అభివృద్ధి చేస్తామని చేతుల్లోకి తీసుకున్న సంస్థల కాలంలోనే ఆ వదిలివేత జరిగింది. ఈ పోటీ చరిత్రను మొదటి నుంచీ చూస్తే నాకు కనిపించేది ఇదే.

ఈ పోటీని పుట్టించింది ఫిఫా కాదు, ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్యా కాదు. ఆ రోజుల్లో పెద్ద సంస్థలు ఆడవాళ్ళ ఆటను ఎలా చూశాయో గుర్తుచేసుకుంటే ఇందులో ఆశ్చర్యం ఉండదు. ఇంగ్లండ్‌లో 1920 డిసెంబరులో గుడిసన్ పార్క్ మైదానంలో డిక్ కెర్ లేడీస్ జట్టు ఆట చూడటానికి యాభై వేలకు పైగా జనం వచ్చారు. ఏడాది తిరక్కుండానే, ఫుట్‌బాల్ ఆడవాళ్ళకు తగిన ఆట కాదంటూ అక్కడి సంఘం తన క్లబ్బుల మైదానాలను వాళ్ళకు మూసేసింది. ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్ళు నడిచింది. పశ్చిమ జర్మనీలో 1955 నుంచి 1970 దాకా ఇలాంటి నిషేధమే ఉంది. ఫుట్‌బాల్‌ను ఊపిరిగా చెప్పుకునే బ్రెజిల్‌లో 1941లో వచ్చిన ప్రభుత్వ ఆజ్ఞ 1979 వరకు ఆడవాళ్ళను ఆటకు దూరం పెట్టింది. 1971లో మెక్సికోలో ఫిఫా ప్రమేయం లేకుండా ఒక మహిళా ప్రపంచ కప్పు జరిగింది. డెన్మార్క్, మెక్సికో ఫైనల్‌కు అజ్టెకా స్టేడియం లక్ష మందితో నిండింది. ఆ పోటీని ఫిఫా ఇప్పటికీ తన లెక్కల్లో చేర్చలేదు. జనం లేక ఆట ఆగిందన్న మాట ఎక్కడైనా వినిపిస్తే, ఈ రెండు మైదానాలు దానికి చాలినంత జవాబు.

ఆసియాలో దారి వేరుగా పడింది. 1968లో హాంకాంగ్, మలేసియా, సింగపూర్, తైవాన్ ప్రతినిధులు కలిసి ఆసియా లేడీస్ ఫుట్‌బాల్ కాన్ఫెడరేషన్ పేరుతో సొంత సంస్థ పెట్టుకున్నారు. పురుషుల సంఘాల అనుమతి కోసం వాళ్ళు కూర్చోలేదు. ఏడేళ్ళ తరవాత, 1975 ఆగస్టులో, హాంకాంగ్‌లో మొదటి ఆసియా పోటీ పెట్టారు. హాంకాంగ్‌కు చెందిన వెరోనికా చ్యూ ఈ సంస్థకు పెద్దదిక్కుగా నిలిచారు. ఆరు జట్లు వచ్చాయి. ఆసియా భూగోళాన్ని కూడా వాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. ఆడటానికి జట్టు ఉందంటే రమ్మన్నారు. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా అలాగే వచ్చాయి. న్యూజిలాండ్ అయితే ఈ పిలుపు అందాకే తన మొదటి మహిళా జాతీయ జట్టును కూర్చుకుంది. వచ్చిన ఆ జట్టే ఫైనల్లో థాయ్‌లాండ్‌ను 3-1తో ఓడించి కప్పు పట్టుకుపోయింది. వేరే ఖండంవాళ్ళు పెట్టిన పోటీ ఒక దేశపు మహిళల జాతీయ జట్టుకు జన్మనిచ్చింది. అధికారిక సంస్థ ఏదైనా ఆ పని చేసి ఉండేదని నేను అనుకోను. నియమాల పుస్తకం తెరిస్తే న్యూజిలాండ్‌కు ఆసియాలో చోటే లేదు.

తైవాన్ సంగతి ఇంకా విచిత్రం. 1970ల మధ్యలో చైనా ప్రవేశంతో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య తైవాన్‌ను బయటకు పంపింది. పురుషుల జట్టు ఓషియానియాలో తలదాచుకోవాల్సి వచ్చింది. కానీ లేడీస్ కాన్ఫెడరేషన్ విడిగా ఉండటంవల్ల, ములాన్ పేరుతో ప్రసిద్ధమైన వాళ్ళ మహిళల జట్టు ఆసియాలోనే ఆడుతూ పోయింది. 1977లో తైపేలో, తరవాత కాలికట్‌లో, 1981లో హాంకాంగ్‌లో వరుసగా మూడుసార్లు కప్పు గెలిచింది. చిన్నదైనా స్వతంత్రంగా ఉన్న సంస్థ ఏం చేయగలదో చెప్పడానికి నాకు దీనికంటే మంచి ఉదాహరణ దొరకలేదు. దేశాల మధ్య గొడవ పురుషుల జట్టును ఖండం దాటించింది. అదే దేశపు ఆడపిల్లలు మాత్రం 1981 దాకా ఆసియాలో తమకు తగిన పోటీని వదులుకోకుండా ఆడారు.

మన దేశంలో కథ 1975లో లక్నోలో మొదలైంది. అక్కడ భారత మహిళా ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది. వెంటనే మహిళల జాతీయ పోటీలు పెట్టారు. ఈ సమాఖ్యకు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యతో సంబంధం లేదు. అది లేడీస్ కాన్ఫెడరేషన్‌తో చేతులు కలిపింది. బెంగాల్ అమ్మాయిలు అప్పట్లో అందరికంటే ముందున్నారు. కలకత్తా కోచ్ సుశీల్ భట్టాచార్య వాళ్ళను తీర్చిదిద్దారు, భారత మహిళల జట్టుకు తొలి కోచ్‌ కూడా ఆయనే అయ్యారు. ఆయన దగ్గర ఎదిగినవారిలో శాంతి మల్లిక్ పేరు నిలిచిపోయింది. సమాఖ్య పుట్టిన అయిదేళ్ళలోపే ఆసియా పోటీని మన దేశానికి తెచ్చుకోగలిగింది. వేదికగా కాలికట్‌ను, అంటే నేటి కోజికోడ్‌ను ఎంచుకున్నారు. ఆ ఎంపిక సరైనది. 1952 నుంచి సేట్ నాగ్‌జీ ట్రోఫీ జరుగుతూ వచ్చిన ఊరు అది, ఫుట్‌బాల్ అంటే పనులు మానుకుని మైదానానికి వచ్చే జనం ఉన్న ఊరు. 1979 పేరుతో నమోదైన ఆ పోటీ 1980 ఆరంభంలో అక్కడ జరిగింది. ఆతిథ్య దేశం రెండు జట్లను దింపింది. వాటిలో ఒకటి ఫైనల్‌కు చేరి తైవాన్ చేతిలో 0-2తో ఓడింది. ఆ మరుసటి పోటీలో హాంకాంగ్‌ను 2-0తో ఓడించి మూడో స్థానం, 1983లో థాయ్‌లాండ్ చేతిలో 0-3తో ఓడి రెండో స్థానం. శాంతి మల్లిక్‌కు అర్జున అవార్డు వచ్చింది ఆ సంవత్సరానికే. మహిళా ఫుట్‌బాలర్‌కు ఆ గౌరవం దక్కడం అదే మొదలు.

ఇక్కడ ఎవరైనా అడగదగిన ప్రశ్న ఒకటుంది. వచ్చినవి ఆరేడు జట్లు. చైనా లేదు, రెండు కొరియాల్లో ఒక్కటీ లేదు. ఆస్ట్రేలియా తరఫున కాలికట్‌కు వచ్చింది పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్ర జట్టు. అంతకుముందు తైపేకు జపాన్ పంపింది ఒక క్లబ్బును. ఇలాంటి పోటీలో రెండో స్థానం పెద్ద ఘనతా అని. పోటీదారుల బలం విషయంలో ఈ ప్రశ్న న్యాయమైనదే. ఆ రెండు ఫైనల్స్‌ను చూపి మనం ఒకప్పుడు ఆసియా మహాశక్తులమని చెప్పుకుంటే అది అబద్ధమే అవుతుంది. కానీ ఇదే కొలత పురుషులకు మనం ఎప్పుడైనా వాడామా? 1964 ఆసియా కప్పులో భారత పురుషుల జట్టు రన్నరప్. ఆ సంగతి ఫుట్‌బాల్ తెలిసిన ప్రతి ఇంటా చెప్పుకుంటారు. ఆ టోర్నీలో ఆడింది మొత్తం నాలుగు జట్లు. అర్హత దశలో ప్రత్యర్థులందరూ తప్పుకోవడంవల్ల మనకు అక్కడ చోటు దొరికింది. అయినా ఆ రెండో స్థానాన్ని ఎవరూ తక్కువ చేసి మాట్లాడరు, మాట్లాడకూడదు కూడా. ఎదురుగా వచ్చినవారితో ఆడటమే ఏ జట్టయినా చేయగలిగింది. హైదరాబాదు రహీం సాబ్ శిక్షణలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన జట్ల ఆటగాళ్ళ పేర్లు తెలుగునాట పెద్దలకు ఇప్పటికీ నోటికి వస్తాయి. కాలికట్ ఫైనల్ ఆడిన పదకొండు మందిలో ఒక్క పేరు చెప్పమంటే ఎంతమంది చెప్పగలరు? పోటీ చిన్నదన్నది సాకు మాత్రమే. మగవాళ్ళ విషయంలో ఆ సాకు ఎవరికీ గుర్తుకు రాలేదు.

పైగా, తొలినాటి స్థానాల విలువ అప్పటి ప్రత్యర్థులతోపాటు, ఆ స్థానం నుంచి ఎవరు ఎక్కడికి వెళ్ళారన్నదాన్ని బట్టి కూడా తెలుస్తుంది. అందుకు జపాన్‌ను చూడాలి. జపాన్ మహిళల జట్టు తన తొలి అధికారిక అంతర్జాతీయ మ్యాచ్ ఆడింది 1981 జూన్‌లో, ఇదే ఆసియా పోటీలో, హాంకాంగ్‌లో. తైవాన్ చేతిలో 0-1తో ఓడింది. థాయ్‌లాండ్ చేతిలోనూ ఓడింది. ఇండొనేసియా మీద ఒక్క గోల్‌తో గెలిచి ఇంటికి వెళ్ళింది. అదే పోటీలో మనది మూడో స్థానం. ఆ తరవాత జపాన్ ఏం చేసిందో చూడండి. ఆసియా పోటీలకు తిరిగి వచ్చింది, 1986లో ఫైనల్‌కు చేరింది, 1989లో మహిళల లీగ్ మొదలుపెట్టింది. 1991 ప్రపంచ కప్పులో ఆడిన అన్ని మ్యాచ్‌లూ ఓడినా ఆట మానలేదు. 2011 జులైలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అమెరికాను పెనాల్టీల్లో ఓడించి ప్రపంచ విజేతగా నిలిచింది. హాంకాంగ్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు సరిగ్గా ముప్పై ఏళ్ళు పట్టింది. ఆ ముప్పై ఏళ్ళూ మనకూ ఉన్నాయి. మొదలుపెట్టిన చోటు వాళ్ళకంటే మనకే నయంగా ఉంది.

ఆ ముప్పై ఏళ్ళలో మన దగ్గర జరిగింది చెప్పడానికి ఎక్కువ లేదు. 1986లో లేడీస్ కాన్ఫెడరేషన్ ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్యలో కలిసిపోయింది. అదే ఏడాది డిసెంబరులో హాంకాంగ్‌లో జరిగిన పోటీకి చైనా మొదటిసారి వచ్చి, వచ్చీరాగానే గెలిచింది. ఆ టోర్నీలో నేపాల్ ఆడింది. భారత్ లేదు. 1989లో మళ్ళీ హాంకాంగ్, మనం లేము. 1991లో జపాన్‌లోని ఫుకువోకా, మనం లేము. 1993లో మలేసియాలోని కూచింగ్, అక్కడా లేము. ఇవి ఏవో నాలుగు టోర్నీలు కావు. ఫిఫా 1988లో చైనాలో ప్రయోగాత్మకంగా ఒక పోటీ పెట్టి, 1991లో తొలి మహిళా ప్రపంచ కప్పు జరిపిన కాలం అది. ఫుకువోకా పోటీయే ఆ ప్రపంచ కప్పుకు ఆసియా నుంచి దారి. ఇరవై ఏళ్ళు మూసి ఉన్న తలుపు తెరుచుకున్న వేళకు, గుమ్మం దగ్గర నిలబడ్డవారిలో మనం లేకుండాపోయాం. 1990ల మధ్యలో తిరిగి ఆసియా పోటీలకు వెళ్ళేసరికి లోకం మారిపోయింది. 1998 డిసెంబరులో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో చైనా మనపై 16 గోల్స్ వేసింది, మనం ఒక్కటీ వేయలేదు. పదిహేనేళ్ళ ముందు ఆ నగరంలోనే మన జట్టు ఆసియా ఫైనల్ ఆడింది.

దీనికి సమాజాన్ని కారణంగా చూపేవారు ఉన్నారు. ఆడపిల్లను నిక్కరు వేసుకుని మైదానంలోకి వెళ్ళనివ్వని ఇళ్ళు, తొందరగా చేసే పెళ్ళిళ్ళు, పేదరికం, వీటన్నిటి మధ్య సమాఖ్య మాత్రం ఏం చేస్తుందని వాళ్ళ వాదన. ఆ అడ్డంకులు నిజం, ఇప్పటికీ ఉన్నాయి. కానీ అవి 1975లోనూ ఉన్నాయి, బహుశా ఇంకా ఎక్కువగానే ఉన్నాయి. అయినా అప్పుడు జట్లు తయారయ్యాయి. 1983కీ 1986కీ మధ్య మన సమాజం ఒక్కసారిగా వెనక్కి నడిచిందని ఎవరూ అనరు. ఆటగత్తెల కొరత కూడా రాలేదు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 1990ల తొలి ఏళ్ళలో మహిళల ఆటను చేతుల్లోకి తీసుకున్నాక జరిగిన జాతీయ పోటీల్లో మణిపూర్ ఏడాది తరవాత ఏడాది కప్పు గెలుస్తూ పోయింది. ఇంఫాల్‌లో పుట్టిన ఓయినం బెంబెం దేవి 1995లో భారత జట్టులోకి వచ్చి ఇరవై ఏళ్ళకు పైగా ఆడింది. ఒక మూల నుంచి అంతటి ప్రతిభ పొంగుకొస్తుంటే, లేనిది ఆడపిల్లలు కాదు, వాళ్ళకు ఆడటానికి మ్యాచ్‌లు. బెంబెం దేవికి అర్జున అవార్డు వచ్చింది 2017లో. శాంతి మల్లిక్ తరవాత ఆ గౌరవం పొందిన రెండో మహిళా ఫుట్‌బాలర్ ఆమే. మధ్యలో గడిచింది 34 సంవత్సరాలు. అవార్డులే అన్నిటికీ కొలబద్ద కావు గాని, ఒక ఆటను ఎవరూ చూడటం మానేసిన కాలం ఎంత పొడవో ఈ అంకె చెబుతుంది.

ఇంకో అభ్యంతరం దీనికంటే గట్టిది. స్వతంత్ర సంస్థలను ఆకాశానికి ఎత్తకూడదు, అవి కొద్దిమంది వ్యక్తుల పట్టుదల మీద, వాళ్ళ పరిచయాల మీద నడిచాయి, డబ్బు లేదు, శాశ్వతమైన ఏర్పాట్లు లేవు, ప్రపంచ కప్పు ఆడాలంటే ఫిఫా గొడుగు కిందికి రాక తప్పదు కదా అని. ఇందులో ప్రతి మాటా ఒప్పుకుంటాను. విలీనం జరగకుండా ఉండాల్సిందని నేను అనడం లేదు. అదే విలీనం జపాన్‌కు మేలు చేసింది, చైనాకు మేలు చేసింది. తప్పు విలీనంలో లేదు, దాన్ని మనం జరుపుకున్న తీరులో ఉంది. మహిళా సమాఖ్యకు పని ఒక్కటే, ఆడపిల్లల ఫుట్‌బాల్. అది ఆగిపోతే ఆ సంస్థ ఉండటానికే అర్థం లేదు. కాబట్టి ఎంత చేతకాకపోయినా ఏదో ఒక పోటీ పెట్టాల్సిందే. ఆ బాధ్యత అన్ని వయసులూ, అన్ని టోర్నీలూ ఉన్న పెద్ద సమాఖ్య చేతికి మారినప్పుడు, వంద పనుల్లో చివరి పని అయిపోయింది. ఏడాదికి ఇన్ని మ్యాచ్‌లు ఆడించాలన్న షరతు విలీనంలో లేదు. అడిగేవాళ్ళూ లేరు, ఎందుకంటే అడగాల్సినవాళ్ళ సంస్థే కలిసిపోయింది. 2009 నాటికి పరిస్థితి ఎక్కడికి వచ్చిందంటే, ఏడాదిన్నర పైగా ఒక్క అంతర్జాతీయ మ్యాచ్ కూడా ఆడలేదన్న కారణంతో ఫిఫా భారత మహిళల జట్టును ర్యాంకింగుల జాబితాలోంచే తీసేసింది. ఓడిపోయి కాదు, ఆడకపోయి పేరు పోగొట్టుకున్నాం.

కోలుకోవడం కూడా ఈ వాదననే బలపరుస్తుంది. 2017 ఆరంభంలో ఆరు జట్లతో భారత మహిళల లీగ్ మొదలైంది. జపాన్ కంటే 28 ఏళ్ళు ఆలస్యం. మొదటి లీగ్ ఎంత చిన్నదైనా, అమ్మాయిలకు ఎదురుచూడటానికి ఒక సీజన్ దొరికింది. ఆ లీగ్‌లో ఎదిగిన తరంలోనే తెలంగాణలోని నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఉంది. ఆమె భారత జట్టులో ఆడింది, 2022లో క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది. ఫుట్‌బాల్ అంటే హైదరాబాదు నగరం, అందులోనూ మగపిల్లలు అన్న పాత లెక్కకు ఆమె ఒక్కతే గట్టి సవరణ. 2022 జనవరిలో ఆసియా కప్పు మళ్ళీ మన దేశానికి వచ్చినప్పుడు మాత్రం దురదృష్టం వెంటాడింది. ఇరాన్‌తో 0-0తో మొదలుపెట్టిన జట్టులో కరోనా వ్యాపించి, తైవాన్‌తో ఆడటానికి కావలసినంతమంది మిగలక పోటీ నుంచే తప్పుకోవాల్సి వచ్చింది. అది ఎవరి నిర్లక్ష్యం అన్న చర్చ వేరు. జట్టు శక్తికి మాత్రం అది కొలత కాదు. మూడేళ్ళ తరవాత చియాంగ్ మాయ్‌లో ఆ కొలత దొరికింది. 1983 ఫైనల్లో మనల్ని ఓడించిన థాయ్‌లాండ్‌ను వాళ్ళ గడ్డ మీదే ఓడించాం. అదే వారంలో బంగ్లాదేశ్ కూడా మయన్మార్‌ను ఓడించి తొలిసారి ఆసియా కప్పుకు అర్హత సంపాదించింది. బడి స్థాయి నుంచి ఆడపిల్లలకు పోటీలు పెట్టుకుంటూ వచ్చిన దేశం అది. డబ్బు, పురుషుల జట్టు పేరు, వీటిలో ఏదీ లేకుండా క్రమం తప్పని మ్యాచ్‌లతోనే ఎంత దూరం రావచ్చో మన పొరుగువాళ్ళు చూపించారు.

2026 ఆసియా కప్పు డ్రాలో భారత్ పడ్డ గ్రూపులో జపాన్, తైవాన్, వియత్నాం ఉన్నాయి. ఆ జాబితా వెలువడిన రోజున కాలికట్‌లో, హాంకాంగ్‌లో ఆడిన మన ఆటగత్తెలను ఎవరైనా పలకరించి ఉంటే బాగుండేది. ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ సంఘం దాదాపు అర్ధశతాబ్దం తరవాతనైనా 1975లో హాంకాంగ్ వెళ్ళిన జట్టును తన తొలి మహిళా జాతీయ జట్టుగా గుర్తించింది. ఆ జట్టులో ఎక్కువమంది ఒకే క్లబ్బువాళ్ళన్న అభ్యంతరాన్ని పక్కనపెట్టి మరీ ఆ పని చేసింది. మన సమాఖ్య కూడా ఇలాంటి పని చేయగలదు. 1980, 1981, 1983 పోటీల జట్ల జాబితాలు, మ్యాచ్‌ల వివరాలు అప్పటి బెంగాలీ, మలయాళ, ఇంగ్లిషు పత్రికల్లో వెతికించాలి. బతికున్న ఆటగత్తెల నుంచి వాళ్ళ జ్ఞాపకాలు రాయించుకోవాలి. వాళ్ళకు అంతర్జాతీయ ఆటగాళ్ళకు ఇచ్చే టోపీలు, వరుస సంఖ్యలు ఇవ్వాలి. 1980లో ఇరవై ఏళ్ళున్నవారికి ఇప్పుడు అరవై అయిదు దాటాయి. ఈ పని వాయిదా వేయడానికి ఇంకా ఎక్కువ సంవత్సరాలు లేవు.